ఐరిష్ వలసరైతుల పూర్వుల జాడ

మన ఇండ్లలో పితృకార్యము జరుగునప్పుడు తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరముల పేర్లు చెప్పుట ఆచారము. ఆ మూడు పేర్లను తడుముకొనకుండ చెప్పగలవారు నేడును పెక్కురు గలరు. నాలుగవ పేరు చెప్పుమన్నచో మాత్రము మనలో చాలమంది మౌనము వహింతురు. తరతరములుగ ఒక్క ఊరిలో నున్నవారి స్థితియే యిట్లుండగా, కరువుచేత ఊరు విడిచి, సముద్రము దాటి, ఎన్నడును చూడని బీడుభూమిలో గుడిసె వేసికొన్నవారి సంతతికి తమ పూర్వుల సంగతి ఎట్లు తెలియును?

ఐర్లండు దేశమునుండి అమెరికాకు పోయి, అచ్చటి ప్రభుత్వ మిచ్చిన భూమిలో సేద్యము చేసిన రైతుల చరిత్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది. వారి మునిమనుమలు నేడు తమ వంశమును ఎట్లు వెదకుచున్నారో, ఆ వెదకుటలో కాగితము ఎంతదూరము తోడువచ్చునో, ఎచ్చట నిలిచిపోవునో మీకు విన్నవించెదను. ఇది దూరదేశపు వింత మాత్రమే కాదు. ఇందు వయసు మీరిన పెద్దలకు సంబంధించిన యొక మాట కలదు. దానిని చివర చెప్పెదను.

పందొమ్మిదవ శతాబ్దమున ఐర్లండులోని భూమిలో అధికభాగము జమీందారులది. దున్నువాడు కౌలుదారుడు మాత్రమే. కౌలు బాకీపడినచో జమీందారు వానిని ఇంటినుండి వెడలగొట్టవచ్చును. మరల వచ్చి చేరకుండ ఇంటికప్పు కూల్చుటయు కలదు. పేదలకు ముఖ్యాహారము బంగాళాదుంప, అనగా ఉర్లగడ్డ. 1845 సంవత్సరమున ఆ పైరునకు తెగులు సోకి, గడ్డలు నేలలోనే క్రుళ్లిపోయెను. ఆ కాటకము 1852 వరకు సాగెను. ఆకలిచేతను, దాని వెంట వచ్చిన జ్వరములచేతను సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు ఓడలెక్కిరి. 1841 జనాభాలెక్కలలో దాదాపు 81 లక్షల 75 వేలుగా నున్న ప్రజలు 1851 నాటికి 65 లక్షల 50 వేలకు తగ్గిరి. పొయ్యి వెలుగని ఇండ్లతో ఊళ్లకు ఊళ్లు పాడుపడెను.

అమెరికా చేరినవారిలో పెక్కుమంది తూర్పుతీరపు పట్టణములలో కూలిపని చేసిరి, బొగ్గుగనులలో దిగిరి, రైలుదారులు వేసిరి. భూమి లేక దేశము విడిచినవారికి భూమి ఆశ మాత్రము చావలేదు. అట్టివారికి 1862 మే 20వ తేదీన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకము చేసిన హోంస్టెడ్ చట్టము దారి చూపెను. 1863 జనవరి 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చెను. ఇరువదియొక్క సంవత్సరములు నిండినవాడు గాని, కుటుంబమునకు యజమానియైనవాడు గాని 160 ఎకరములు కోరవచ్చును. అన్యదేశమునుండి వచ్చినవాడు అమెరికా పౌరుడనయ్యెదనని ముందుగా ప్రమాణము చేయవలయును. పెండ్లికాని స్త్రీయు, వితంతువును సయితము భూమి కోరవచ్చును. అన్ని రుసుములును కలిపి 18 డాలర్లు. ఆ నేలమీద ఇల్లు కట్టి, అయిదేండ్లు కాపురముండి, సేద్యము చేసినచో పట్టా చేతికి వచ్చును. ఈ చట్టముక్రింద సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరములు జనుల పరమయ్యెను. 1976లో ఇది రద్దయ్యెను. అలాస్కాలో మాత్రము 1986 వరకు నిలిచెను.

ఐరిష్‌వారిలో ఈ ఆశను ప్రచారము చేసినవారిలో జాన్ ఓనీల్ ఒకడు. ఈయన ఐర్లండులోని మోనహన్ జిల్లాలో 1834లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరి, అచ్చటి అంతర్యుద్ధములో పోరాడినవాడు. తరువాత ఆయన పెన్సిల్వేనియా గనిపట్టణములకు పోయి, బొగ్గుపొడిలో ఊపిరి పోగొట్టుకొనుటకంటె స్వంతనేల దున్నుకొనుట మేలని ఐరిష్ కూలీలకు బోధించెను. 1874 మే మాసమున ఒక చిన్న గుంపును నెబ్రాస్కా రాష్ట్రములోని హోల్ట్ జిల్లాకు తీసికొనిపోయెను. వారు నిలిచినచోట వెలసిన పట్టణము నేటికిని ఓనీల్ అను పేరనే యున్నది.

అచ్చట చెట్టు అరుదు; కలప లేదు. గడ్డివేళ్లు అల్లుకొనిన నేలను నాగటితో పెళ్లలుగా కోసి, వానిని ఇటుకలవలె పేర్చి, ఇండ్లు కట్టుకొనిరి. వాన వచ్చినచో కప్పు కారును. ఎండ వచ్చినచో మన్ను రాలును. వారు వచ్చిన సంవత్సరముననే మిడుతలదండు ఆకాశమును కప్పి, పైరును మొదలంట తినివేసెను. 1888 జనవరి 12వ తేదీన పగటివేళ హఠాత్తుగా మంచుతుపాను లేచి, బడినుండి ఇండ్లకు బయలుదేరిన పిల్లలు పెక్కురు దారిలోనే మరణించిరి. 1890 తరువాత అనావృష్టి వచ్చెను. ఇన్నిటికిని ఓర్చి నిలిచినవారికే పట్టా దక్కెను. మిగిలినవారు బండి కట్టుకొని మరల పోయిరి.

ఇక వెదకుట యెట్లో చూతము. దృష్టాంతమునకు ఒక కుటుంబమును మనమే కల్పించుకొందము. నెబ్రాస్కాలో నేడున్న ఒక స్త్రీకి తెలిసినది ఇంతే: అయిదు తరముల క్రిందటి పూర్వుడు ఐర్లండునుండి వచ్చెను, ఓనీల్ దగ్గర భూమి సంపాదించెను, పేరు పేట్రిక్. ఐర్లండులో పేట్రిక్ అను పేరు మనలో వేంకటేశ్వర్లు, సుబ్బయ్య వంటిది. ఆ పేరొక్కటే పట్టుకొని ఐర్లండునకు పోయినచో జాతరలో తప్పిపోయిన పిల్లవానిని పేరు పెట్టి పిలిచినట్లుండును. నలువదిమంది పలుకుదురు.

కావున మొదటి నియమమేమనగా, తెలిసినదానినుండి తెలియనిదానికి ఒక్కొక్క తరమే వెనుకకు నడువవలయును. తనది, తన తల్లిదండ్రులది, వారి తల్లిదండ్రులది అని జన్మమరణముల పత్రములు వరుసగా చేర్చుకొనవలయును. ఒక తరము దూకినచో అన్యుల ఇంటిలో పడుదుము. ఇంటిలోని పెట్టెలు వెదకవలయును. బైబిలు గ్రంథపు మొదటి పుటలో పిల్లల పుట్టినతేదీలు వ్రాసికొనుట వారిలో ఆచారము. ప్రాత ఉత్తరములు, చనిపోయినవారి జ్ఞాపకార్థము అచ్చువేసిన చీటీలు, పటముల వెనుక వ్రాసిన పేర్లు, ఇవి యన్నియు సాక్ష్యములే.

రెండవది భూమి కాగితము. అమెరికాలో 1785నుండి ప్రభుత్వభూమిని ఆరుమైళ్ల చదరములుగా కొలిచి, ఒక్కొక్క చదరమును 36 భాగములుగా విడదీసిరి. ఒక్కొక్క భాగము 640 ఎకరములు. అందులో నాలుగవ పాలు 160 ఎకరములు. కావున ప్రతి పట్టాకును చదరపు సంఖ్య, భాగపు సంఖ్య, మూల, అన్నియు స్పష్టముగా నుండును. పట్టాల నకళ్లను అచ్చటి భూమిశాఖవారు యంత్రసాధనములద్వారా ఇంటనుండియే చూచుకొను ఏర్పాటు చేసియున్నారు. ఆ సంఖ్యలు తెలిసినచో వాషింగ్టన్ నగరములోని జాతీయ పత్రభాండాగారమునుండి ఆ భూమికి సంబంధించిన దస్త్రమంతయు తెప్పించుకొనవచ్చును.

పట్టా ఒక్క కాగితము; దస్త్రము ఒక జీవితము. అయిదేండ్లు గడచిన పిమ్మట రైతు భూమికచ్చేరికి వచ్చి ప్రమాణముచేసి చెప్పిన మాటలు అందుండును. వయస్సెంత? ఇల్లు ఎప్పుడు కట్టితివి? కుటుంబములో ఎవరెవరున్నారు? ఎన్ని ఎకరములు దున్నితివి? ఎన్ని పంటలు తీసితివి? ఊరు విడిచి ఎన్నాళ్లు పోతివి? ప్రతి ప్రశ్నకును జవాబుండును. బావి త్రవ్వినదియు, పశువులశాల వేసినదియు, దడి కట్టినదియు వ్రాయుదురు. విదేశమున పుట్టినవానికి పౌరత్వపత్రపు నకలు జతపరచియుండును. భర్త మధ్యలో చనిపోయినచో వితంతువు ఆ కాలము పూర్తిచేసి తన పేర పట్టా పొందవచ్చును. అప్పుడు భర్త మరణించిన తేదీయు అందు చేరును. వ్రాయుట రానివాడు పేరునకు బదులు గీత గీసిన గుర్తు కూడ అందు కాననగును. ఆ గుర్తు చూచినప్పుడు మునిమనుమరాలి కన్నులు చెమర్చుటలో వింత యేమి? ఆ చేయి పెట్టిన గుర్తులలో మిగిలినది అదియొక్కటే కావచ్చును.

పట్టా రానివారి దస్త్రములును భద్రముగా నున్నవి. మిడుతలకు ఓడి పోయినవాని కాగితమును, గెలిచినవాని కాగితమును ఒకే భాండాగారమున దాచిరి. తమ పూర్వుడు విడిచిపోయెనని సిగ్గుపడి వెదకుట మానుకొనరాదు.

ఈ దస్త్రములో సాక్షుల పేర్లను విడువరాదు. రైతు రుజువు చేసికొనబోవుచున్నాడని 1879నుండి దగ్గరి వార్తాపత్రికలో ప్రకటించుచుండిరి. అందు నలుగురు సాక్షుల పేర్లుండును. వారిలో ఇద్దరు వచ్చి ప్రమాణము చేయుదురు. వారు ఇరుగుపొరుగువారు. ఐరిష్‌వారు ఒంటరిగ వలసపోవుట తక్కువ. ముందు పోయినవాడు తరువాతివానికి ఓడకూలి పంపును. కనుక సాక్షి తరచుగా బావమరదియో, ఒక్క ఊరివాడో అయియుండును. మన పేట్రిక్ ఊరు తెలియకపోయినను ఆ సాక్షి ఊరు తెలియవచ్చును. ఆ దారినే పేట్రిక్ ఊరును చేరవచ్చును.

ఇక్కడ ఒక మాట చెప్పక దాటరాదు. పట్టామీద ప్రభుత్వము ఈ నేలను ఫలానివానికి ఇచ్చినదని యుండును గాని, అంతకుముందు ఆ ప్రాంతమున ఎవరుండిరో యుండదు. ఓనీల్‌కు ఈశాన్యముగ, నయోబ్రారా నది మిస్సోరీలో కలియుచోట పోంకా అను ఆదిమజాతివారు నివసించుచుండిరి. 1877లో ప్రభుత్వము వారిని బలవంతముగ దక్షిణమునకు తరలించెను. వారి నాయకుడు స్టాండింగ్ బేర్ చనిపోయిన కుమారుని అస్థులను స్వస్థలమున పూడ్చుటకు తిరిగివచ్చుచు నిర్బంధింపబడెను. 1879లో ఒమాహా న్యాయస్థానము ఆదిమజాతివాడును చట్టము దృష్టిలో మనుష్యుడేయని తీర్పు చెప్పి ఆయనను విడిపించెను. ఇల్లు కూల్చబడి వచ్చినవారికి నేల దొరకుచున్న కాలముననే, అదే ప్రాంతమున మరియొకరి ఇండ్లు పోయెను. వంశచరిత్రము వ్రాయువాడు తనవారి కన్నీటితోపాటు దీనిని కూడ వ్రాసినప్పుడే అది చరిత్రమగును.

మూడవది జనాభాలెక్కలు. అమెరికాలో పదేండ్లకొకసారి ఇవి జరుగును. 1880 లెక్కలలో ప్రతివాని జన్మదేశమును, తల్లిదండ్రుల జన్మదేశమును వ్రాసిరి. వీనిలో పిల్లలు పుట్టిన తావులు చూచినచో ఆ కుటుంబము నడచిన దారి తెలియును. పెద్దవాడు ఐర్లండున, నడిమివారు పెన్సిల్వేనియాలో, కడపటివాడు నెబ్రాస్కాలో పుట్టినట్లుండినచో, ఆ తండ్రి ముందు గనిలో పనిచేసి తరువాత నాగలి పట్టెనని ఊహింపవచ్చును. 1900 లెక్కలలో ఎవడు ఏ సంవత్సరమున దేశమునకు వచ్చెనో అడిగిరి. తల్లిని ఎందరిని కంటివి, ఎందరు బ్రతికియున్నారని కూడ అడిగిరి. ఆ రెండు అంకెల మధ్యనున్న భేదములో, ఏ చరిత్రగ్రంథమును వ్రాయని దుఃఖము దాగియున్నది. 1890 లెక్కలు మాత్రము దాదాపుగ లేవు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదమున అవి చెడిపోగా, మిగిలినవానిని తరువాత నాశనము చేసిరి. ఓనీల్ రైతులకు అత్యంత కష్టమైన దశాబ్దము ఆ విధముగ చీకటియయ్యెను. ఆ లోటును భూమి దస్త్రమే కొంత తీర్చుచున్నది.

ఇంతవరకు వచ్చినపిమ్మట ఒక పెద్దగోడ అడ్డమగును. ఆ కాలపు ఓడజాబితాలలోను, 1906కు పూర్వపు పౌరత్వపత్రములలోను, జనాభాలెక్కలలోను జన్మస్థలమని తరచుగా ఒక్క మాటయే యుండును: ఐర్లండు. ఊరు లేదు, జిల్లాయును లేదు. అయితే ఐర్లండులో 60 వేలకు పైగా టౌన్‌లాండులు గలవు. పేరులో పట్టణమను అర్థము స్ఫురించినను ఇది పట్టణము కాదు. కొలది ఇండ్లు, కొంత నేల గల చిన్నపల్లె. మన భాషలో శివారు పల్లె యనవచ్చును. ఈ పల్లెపేరు తెలిసినగాని ఆ దేశములో అడుగు ముందుకు పడదు. వంశము వెదకుటయనగా చివరకు ఈ చిన్నపేరు వెదకుటయే.

అది ఎచ్చట దొరకును? ప్రభుత్వపు కాగితములలో దొరకనిది తరచుగా శ్మశానములో దొరకును. ఐరిష్‌వారు పరదేశమున చనిపోయినప్పుడు సమాధిరాతిమీద ఫలాని జిల్లా, ఫలాని పారిష్ వాస్తవ్యుడని చెక్కించుట కలదు. దేవాలయపు వివాహపుస్తకములో గురువు వరుని స్వగ్రామము వ్రాసియుండవచ్చును. బోస్టన్ నగరమునుండి వెలువడిన పైలట్ అను పత్రికలో 1831నుండి సుమారు తొంబది ఏండ్లు తప్పిపోయిన బంధువులకొరకు ప్రకటనలు వచ్చెను. అన్న తమ్ముని, భార్య భర్తను వెదకుచు, ఫలాని ఊరివాడు, ఫలాని సంవత్సరమున ఓడ దిగెను, తెలిసినవారు దయచేసి వ్రాయుడని వేయించిరి. అవి వెదకినవారికి అప్పుడు ఎంత ఉపయోగించెనో గాని, నేడు వారి సంతతికి మాత్రము నిధియై యున్నవి.

ఇక ఐర్లండు చేరుదము. అచ్చట మరియొక అగ్నిప్రమాదము కలదు. 1922 జూన్ 30వ తేదీన, అంతఃకలహకాలమున, డబ్లిన్ నగరములోని పత్రభాండాగారము పేలుడుచే తగులబడిపోయెను. ఏడువందల ఏండ్ల కాగితములు బూడిదయై పట్టణముమీద రాలెను. 1821నుండి 1851 వరకు జరిగిన జనాభాలెక్కలు చాలవరకు అందు పోయెను. 1861నుండి 1891 వరకు జరిగినవానిని అంతకుముందే ప్రభుత్వమే నాశనము చేసియుండెను. పూర్తిగ నిలిచినవానిలో మొదటివి 1901, 1911 సంవత్సరములవి. అయినను నిరాశ పడనక్కరలేదు. ఇతరచోట్లనున్న నకళ్లను సమకూర్చి, కాలిపోయినదానిని వీలైనంత మరల నిలుపుటకు పూనుకొనినవారి కృషిఫలమును 2022లో జనులకు అందుబాటులోనికి తెచ్చిరి.

ఒక చిన్న సంగతి మీకు రుచించును. 1909నుండి డెబ్బది ఏండ్లు నిండిన పేదలకు ప్రభుత్వము పింఛను ఇచ్చెను. జననముల నమోదు అందరికిని 1864లో గాని ప్రారంభము కాలేదు. కనుక వృద్ధులకు వయస్సు రుజువుచేయు కాగితము లేకపోయెను. వారు 1841, 1851 లెక్కలలో తమ పేరు వెదకుడని అర్జీలు పెట్టుకొనిరి. ఆ లెక్కలు పిమ్మట కాలిపోయెను. ఆ వెదకిన చీటీలు పెక్కు నిలిచెను. వృద్ధులు కొలది షిల్లింగులకొరకు పెట్టిన అర్జీలే నేడు ఆయా కుటుంబములకు మిగిలిన సాక్ష్యమయ్యెను.

ఇతర ఆధారములును కలవు. భూమిశిస్తు నిర్ణయించుటకు రిచర్డ్ గ్రిఫిత్ అను నధికారి చేయించిన మదింపు 1847నుండి 1864 వరకు ప్రకటింపబడెను. అందు ప్రతి పల్లెలోను ఇల్లుగాని నేలగాని అనుభవించువాని పేరు, కౌలు పుచ్చుకొనువాని పేరు, విస్తీర్ణము, విలువ వ్రాసిరి. పూర్వము మన కరణములు వ్రాసిన అడంగలు చూచినవారికి ఇది సులభముగ బోధపడును. తరువాత చేతులు మారినప్పుడెల్ల ఒక పేరు కొట్టివేసి, రంగుసిరాతో మరియొక పేరు వ్రాసిరి. మన పేట్రిక్ తండ్రిపేరు ఏ సంవత్సరమున కొట్టివేయబడెనో అందు చూడవచ్చును. ఆ అడ్డుగీత చనిపోయెననియు కావచ్చును, ఓడ ఎక్కెననియు కావచ్చును, వెడలగొట్టబడెననియు కావచ్చును. దానిని తేల్చుకొనుటకు ఇతర కాగితము చూడవలయును.

కాథలిక్ పారిష్ పుస్తకములలో పిల్లలకు జ్ఞానస్నానము చేయించిన తేదీ, తండ్రిపేరు, తల్లి పుట్టినింటి పేరు, జ్ఞానపితరుల పేర్లు ఉండును. 1880 వరకు గల పుస్తకముల ప్రతిబింబములను ఐర్లండు జాతీయగ్రంథాలయమువారు 2015లో అందరికిని ఉచితముగ చూపిరి. తరచుగా ఇవి లాటిన్ భాషలో నుండును. జేమ్స్ అనువాడు అందు జాకోబస్ అగును. దీనికి భయపడనక్కరలేదు.

పేర్లవిషయమున జాగ్రత్త అవసరము. మన ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లు. అవి తావును తెలుపును. ఐరిష్ ఇంటిపేర్లు సామాన్యముగ పూర్వపురుషుని పేర్లు. మాక్ అనగా కుమారుడు. ఓ అనగా మనుమడు, సంతతివాడు. ఓనీల్ అనగా నీల్ సంతతివాడని అర్థము. ఇంగ్లీషువారి పాలనలో ఈ ఓ, మాక్ అనునవి పలువురి పేర్లనుండి జారిపోయి, కొందరికి మరల వచ్చి చేరెను. కనుక ఒక్క కుటుంబమే రెండు పుస్తకములలో రెండు పేర్లతో కనబడవచ్చును. న్యూయార్కు రేవులో గుమాస్తాలు పేర్లు మార్చివేసిరని పలువురు చెప్పుకొందురు. అది కట్టుకథ. గుమాస్తాలు ఓడవారు తెచ్చిన జాబితాలనే చూచుకొనుచుండిరి. పేర్లు మారినది పిమ్మట, ఇరుగుపొరుగు నోళ్లలోను, వ్రాయువారి చేతులలోను.

పేర్లు పెట్టుటలో ఒక ఆచారము కూడ వెదకువానికి తోడ్పడును. మొదటి కుమారునికి తండ్రియొక్క తండ్రిపేరు, రెండవవానికి తల్లియొక్క తండ్రిపేరు, మొదటి కుమార్తెకు తల్లియొక్క తల్లిపేరు పెట్టుట వారిలో పలువురి పద్ధతి. తాతపేరు మనుమనికి పెట్టుకొను మనకు ఇది క్రొత్త కాదు. కాని యిది సూచన మాత్రమే, సాక్ష్యము కాదు. పేరు, వయస్సు, భార్యపేరు, ఊరు, సాక్షులు, ఇన్ని కలిసినప్పుడే ఇతడే మావాడని చెప్పవలయును. గొప్పవంశము కావలయునని, పేరు కలిసిన రాజులను తెచ్చి అతికించుకొనరాదు. ఉర్లగడ్డ తవ్వుకొని బ్రతికిన తాత నిజమైనచో, కిరీటము పెట్టుకొనిన అబద్ధపు తాతకంటె వాడే మేలు.

ఇట్లు కాగితమును పట్టుకొని నెబ్రాస్కా స్త్రీ తన పూర్వుని పల్లెకు పోయినదనుకొందము. పటములో ఇంటిస్థలమునకు సంఖ్య కలదు. కాని ఎదుట కనబడునవి కూలిన రాతిగోడలు నాలుగైదు. వానిలో ఏది వారిది? బావి ఎచ్చటిది? ఎవరు ముందు పోయిరి, ఎవరు కన్నవారిని కనిపెట్టుకొని నిలిచిరి? ఇచ్చట కాగితము చేతులెత్తివేయును. ఇక చెప్పవలసినది ఆ పల్లెలోని వృద్ధుడు. ఆ మూడవగోడ ఫలానివారిది, మా తాత చెప్పుచుండెను అని ఆయన చేయి చూపినచో నూరేండ్లుగా సాగిన ప్రయాణము ముగియును. ఆయన ముందే కన్నుమూసియుండినచో ఆమె ఏ గోడకును తనదని చేయి వేయలేక తిరిగిపోవును.

ఐర్లండువారు దీనిని గ్రహించిరి. 1937నుండి 1939 వరకు అచ్చటి జానపద పరిశోధనసంఘమువారు సుమారు 5,000 పాఠశాలల పిల్లలచేత ఒక మంచిపని చేయించిరి. ఏబదివేలకు పైబడిన పిల్లలు తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి, కరువుకాలపు సంగతులు, పొలముల పేర్లు, పాడుబడిన ఇండ్ల కథలు వ్రాసిరి. ఆ వ్రాతలు ఏడులక్షల పుటలకు మించినవి. చెప్పినవారిలో ఒక్కరును నేడు లేరు. వారి మాట ఉన్నది.

పెద్దలారా! మొదట చెప్పెదనన్న మాట ఇదియే. మన తెలుగుదేశమునుండి కూడ పేదలు ఓడలెక్కిరి. 1860నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరకుతోటల కూలికి పోయిన లక్షన్నరకు పైబడిన భారతీయులలో తెలుగువారు పెక్కురు. మారిషసునకును, ఫిజీకిని, బర్మాకును పోయినవారును కలరు. నేటాల్ ఓడల జాబితాలలో కూలివాని పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలును వ్రాసిరి. ఐరిష్‌వానికి లేని ఊరిపేరు మనవానికి ఉన్నది. గుమాస్తా చెవికి విన్నట్లు వ్రాయుటచే అది వికృతమైయుండవచ్చును, అయినను ఉన్నది. ఆ పేరు పట్టుకొని ఎవరో యొకరు ఒకనాడు మీ ఊరి రచ్చబండ దగ్గరకు వచ్చి, మా ముత్తాత ఇల్లు ఎచ్చట అని అడుగవచ్చును. అప్పుడు చెప్పువారుండవలయును.

కావున ఒక నోటుపుస్తకము వంటిది చాలును. మీ మనుమనినో మనుమరాలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీకు తెలిసినన్ని తరముల పేర్లు చెప్పి వ్రాయింపుడు. మగవారి పేర్లతో ఆపక, ఇంటికి వచ్చిన కోడండ్ర పేర్లు, వారి పుట్టినిండ్ల ఊళ్లు వ్రాయింపుడు. ఊరు విడిచినవారెవరు, ఏ కరువున, ఏ దిక్కునకు పోయిరి, వారి ఇల్లు ఏ వీధిలో నుండెను అనునదియు వ్రాయింపుడు. నిశ్చయముగ తెలిసినదానిని నిశ్చయముగను, విన్నదానిని విన్నట్లుగను వేరుచేసి చెప్పుడు. మంచిచెడ్డలు రెంటిని చెప్పుడు. నెబ్రాస్కా బీడులో గీత గీసి గుర్తుపెట్టిన ఆ రైతు చదువురానివాడు. అతని మాటను మరియొకడు వ్రాసిపెట్టెను గనుకనే అది అతని మునిమనుమరాలికి చేరెను. మీ మాట కూడ అట్లే చేరుగాక!